ఎక్కడ ఆగిందని అడిగే మనిషి

ఖాదర్ భాయ్ ఫోన్ చేసినప్పుడు నా నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. జూబ్లీహిల్స్‌లో షూటింగులకిచ్చే ఒక పెద్ద ఇంట్లో, మేడ మీద గదిలో, హీరోయిన్ వోణీ భుజం దగ్గర జారకుండా కుదురుస్తున్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

“టీచరమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల. నిద్రల్నే పోయిందంట” అన్నాడు.

సూదులు ఒక్కొక్కటీ తీసి మాట్లాడేలోపు ఆయనే, “రేపు పదకొండు గంటలకు చర్చిల ప్రార్థన. అందరికి నేనే చెప్తున్న. నువ్వు రా” అని పెట్టేశాడు.

హీరోయిన్ అద్దంలోంచి నన్ను చూసి ఎవరని అడిగింది. నాకు పని నేర్పినావిడ అన్నాను. అన్నాక అది పూర్తిగా నిజం కాదనిపించింది. బట్ట పని నాకు విజయవాడలో కాలేజీవాళ్ళు కొంత నేర్పారు, ఖాదర్ భాయ్ మిగతాది నేర్పాడు. పది మంది కలిసి పని చేసే చోట ఎలా మెలగాలో టీచరమ్మ దగ్గర చూశాను. నేర్చుకున్నానా లేదా అన్నది వేరే సంగతి. అది చివర్లో చెబుతాను.

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన మంచి పేరుంది. మా కుట్టు యూనిట్‌లో ఆ పేరుతో ఎవరూ పిలిచిన గుర్తు లేదు. తెనాలి దగ్గర మిషన్ స్కూల్లో ఆడపిల్లలకు చాలాకాలం కుట్టు నేర్పిందట. ఆ సంగతి తెలిసిన రోజే ఖాదర్ భాయ్ ‘టీచరమ్మ’ అన్నాడు. ఇక అందరికీ అదే అయింది. నున్నగా దువ్విన జుట్టు, నేత చీర, మెడలో సన్నటి శిలువ గొలుసు, దాని మీద పసుపురంగు కొలతల టేపు. ఆ టేపు లేకుండా ఆవిణ్ణి నేను ఆదివారం చర్చి బయట ఒక్కసారే చూశాను, వెంటనే గుర్తుపట్టలేకపోయాను.

మా యూనిట్ ఫిల్మ్‌నగర్‌లో, రాళ్ళగుట్టను ఆనుకుని కిందికి దిగే సందులో, మూడంతస్తుల భవనం పై రెండు అంతస్తుల్లో ఉండేది. సినిమాలకు దుస్తులు కుట్టేవాళ్ళం. కటింగ్ మాస్టర్ ఖాదర్ భాయ్, మిషన్ల మీద టైలర్లు, మగ్గం పని చేసేవాళ్ళు, గుండీలు కాజాలు చూసే ఆడవాళ్ళు, అందరం కలిపి పాతికమందికి కొంచెం తక్కువ. యజమానురాలు పేరున్న కాస్ట్యూమ్ డిజైనర్. మేమంతా పెద్ద మేడమ్ అనేవాళ్ళం. జూబ్లీహిల్స్ ఇంట్లో బొమ్మలు గీసి పంపితే మేము కింద కుట్టి పైకి పంపేవాళ్ళం.

టీచరమ్మ రాకముందు యూనిట్‌ను మేడమ్ మరిది చూసుకునేవాడు. ఆయన గొంతు మెట్ల మీద వినపడగానే మిషన్ల వేగం పెరిగేది. వేగం పెరిగితే తప్పులూ పెరిగేవి. తప్పు జరిగితే దాచేసేవాళ్ళం. ఇస్త్రీ కాలిన పట్టు, తారుమారుగా కత్తిరించిన చేతి ముక్క, మరక పడిన జరీ, ఏదైనా సరే క్షణంలో మాయమయ్యేది. ఎవరు మాయం చేశారో పక్కవాళ్ళకు తెలిసేది, కానీ ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. దాన్నే మేము స్నేహమనుకునేవాళ్ళం.

ఆయన వేరే వ్యాపారం పెట్టుకుని వెళ్ళాక టీచరమ్మ వచ్చింది. మొదటి రోజు ఆవిడకు అద్దాల గది చూపించాం. ఏసీ, తిరిగే కుర్చీ, పెద్ద బల్ల. గుమ్మంలో నిలబడి అంతా చూసి, “మధ్యాహ్నం ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుని తింటారమ్మా?” అని నన్నడిగింది. మెట్ల మీద అన్నాను. సాయంత్రానికి ఆ గదిలో బల్ల బయటికొచ్చింది, చాపలు లోపలికెళ్ళాయి. పాలిచ్చే తల్లి ఒకామె ఉండేది మగ్గం దగ్గర. ఆమె చంటిదాన్ని తెచ్చుకుని అక్కడ పడుకోబెట్టుకునేది.

మరి మీరెక్కడ కూర్చుంటారని అడిగితే, పొట్టి స్టూలు ఒకటి చూపించింది. రోజంతా దాన్ని చేత్తో పట్టుకుని తిరిగేది. ఎవరితో మాట్లాడాలన్నా వాళ్ళ మిషన్ పక్కకే వెళ్ళి, స్టూలు వేసుకుని, వాళ్ళకంటే కొంచెం కింద కూర్చునేది. పిలిస్తే వస్తారు కదా, మోకాళ్ళ నొప్పులతో ఎందుకు తిరుగుతారని ఒకసారి విసుక్కున్నాను.

“నేను పేరు పెట్టి పిలిస్తే ఒక్కళ్ళొస్తారు, కానీ ఇరవైమంది తలెత్తి చూస్తారు. వీళ్ళేం చేశారో అనుకుంటారు. నేను నడిస్తే నా ఒక్కదాని మోకాళ్ళే కదా నొప్పి” అంది.

కూర్చున్నాక ఆవిడ అడిగే మాట ఎప్పుడూ ఒకటే. “ఎక్కడ ఆగింది?”

ఎందుకు అవలేదు అని ఆవిడ అడగ్గా నేను వినలేదు. ఎందుకు అంటే మనిషి వైపు వేలు చూపించినట్టుంటుంది. ఎక్కడ అంటే ఇద్దరూ కలిసి బట్ట వైపు చూస్తారు. ఈ తేడా ఆవిడ ఎన్నడూ వివరించి చెప్పలేదు. చాలాకాలం విన్నాక నాకు తట్టింది.

రెండో వారంలో అటక దులిపించింది. దులుపుతుంటే పాత అట్టపెట్టెల వెనకాల నుంచి కుక్కిపెట్టిన బట్టలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మేం దాచినవే. నీలం పట్టు మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో కాలిన మచ్చ. వాటిలో ఒకటి నాది కూడా. హాలంతా మిషన్లు ఆగిపోయాయి. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని వాటిని ఒక్కొక్కటే విప్పి చూసింది. ఎవరివి అని అడగలేదు. “మంచి బట్ట. ఇంతకాలం చీకట్లో పెట్టారు” అంది. ఉతికించి, బాగున్నంత మేర కత్తిరించి, మిషన్ల ముందు బల్లల మీద వేసుకునే మెత్తలు కుట్టించింది. పెద్ద సినిమాల పట్టు మీద కూర్చుని మేము చేతిగుడ్డలకు అంచు కుట్టాం చాలారోజులు.

ఆ తర్వాతే మొదలుపెట్టింది పొద్దుటి పది నిమిషాలు. తొమ్మిదిన్నరకు అందరూ కటింగ్ బల్ల చుట్టూ నిలబడాలి. గుండీలు కుట్టేవాళ్ళూ, ఊడ్చే లక్ష్మమ్మా సహా. ఇవాళ ఏం చేయబోతున్నామో, ఎక్కడ సాయం కావాలో ఒక్కొక్కరూ చెప్పాలి.

“గిదేంది టీచరమ్మా, స్కూల్ల ప్రార్థన లెక్క” అన్నాడు ఖాదర్ భాయ్.

“ప్రార్థన కాదు మాస్టారూ, హాజరు” అంది ఆవిడ.

మూడు వారాలు ఎవరూ నోరు తెరవలేదు. అంతా బాగుంది టీచరమ్మా, అంతా బాగుంది, అని బల్ల చుట్టూ తిరిగేది మాట. ఆవిడ మాత్రం రోజూ తన తప్పుతో మొదలుపెట్టేది. నిన్న లైనింగ్ రంగు తప్పు చెప్పాను, సరోజకి గంట పని దండగైంది. మొన్న మార్కెట్‌కి పంపిన చీటీలో దారం నంబరు రాయలేదు. మేం ఇబ్బందిగా నేల చూపులు చూసేవాళ్ళం. పైవాళ్ళు తప్పు ఒప్పుకుంటే కిందివాళ్ళకు ఎటు చూడాలో తెలియదు.

నాలుగో వారం ఒకరోజు సరోజ వంతు వచ్చింది. సరోజ మగ్గం మీద మంచి పనిమంతురాలు. రహమత్‌నగర్ నుంచి నడిచి వచ్చేది. ‘అంతా బాగుంది’ అనబోయి ఆగింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, “నాకు కండ్లు సక్కగ కనపడ్తలేవు టీచరమ్మా. సూదిల దారం ఎక్కిస్తలేను. మా అత్త బిడ్డతోని ఇంటికాడ ఎక్కించుకుని తెచ్చుకుంటున్న సూదులు” అంది.

మగ్గం పనిలో కళ్ళు పోయాయని చెప్పుకోవడమంటే రేపటి నుంచి రానక్కర్లేదని తనకు తానే చెప్పుకోవడం. అందరికీ తెలుసది.

“ఎన్నాళ్ళ నుంచమ్మా?” అని అడిగింది టీచరమ్మ.

“బతుకమ్మ కాడికెళ్ళి.”

“ఇన్నాళ్ళు చూపు ఆనకుండానే ఆ నెమళ్ళు కుట్టావా?” అంది టీచరమ్మ. ఆ గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. సరోజ ఏడవబోయి నవ్వింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఆటోలో ఎర్రగడ్డ వెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకొచ్చారు. వారానికి కళ్ళజోడు వచ్చింది. ఈలోపు టీచరమ్మ సరోజ మగ్గాన్ని కిటికీ పక్కకు జరిపించి, ఆ కిటికీ పక్కనున్న నా బల్లను స్తంభం నీడలోకి తోయించింది. ముందు నన్నడిగింది, నేను సరేనన్నాను, అయినా రెండు రోజులు నాకు మంట తగ్గలేదు.

సరోజ ఉద్యోగం పోలేదని రూఢి అయ్యాక బల్ల చుట్టూ మాటలు మొదలయ్యాయి. ఒకరికి మిషన్ పెడల్ బిగుసుకుపోయి తొడ నొప్పి. ఇంకొకరికి సాయంత్రం ఏడు దాటితే బస్సు లేదు. ఏడింటికి మిషన్లన్నీ ఆపాలన్న నియమం అలా వచ్చింది. పెద్ద మేడమ్‌కు అది మింగుడుపడలేదు. నెల తిరిగేసరికి విప్పి మళ్ళీ కుట్టే పని సగం తగ్గిందని చూసి ఊరుకుంది.

సినిమా మనుషుల మధ్య ఇన్నేళ్ళున్నా టీచరమ్మకు సినిమా పట్టదు. హీరోలందరూ ఆవిడకు ‘ఆ అబ్బాయే’. కొత్త పాట విడుదలైతే మాత్రం పొద్దున బల్ల దగ్గర ఫోన్‌లో పెట్టించేది. హీరో ఏం చేస్తున్నాడో చూడదు. “అక్కడ ఆపు. ఆ కాలర్ చూడండి, యాదగిరి కుట్టాడు. ఎంత తిరిగినా నిలబడే ఉంది” అనేది. లక్షలమంది చూసే పాటలో యాదగిరి కాలర్‌ను చూసింది ఆవిడొక్కతే. యాదగిరి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా కుట్టుకున్నాడు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఒకసారి మేడమ్ ‘టీమ్ బిల్డింగ్’ అని ఒక శిక్షకుణ్ణి పంపింది. కుర్రాడు మెడలో మైకు పెట్టుకుని మాతో బెలూన్లు ఊదించాడు. కళ్ళు మూసుకుని వెనక్కి పడమన్నాడు, వెనకున్నవాళ్ళు పట్టుకోవాలట. “నా నడుము మొదలే ఖరాబున్నది, నేను పడ” అని ఖాదర్ భాయ్ మొండికేశాడు. టీచరమ్మ మాత్రం చీర కొంగు దోపుకుని శ్రద్ధగా వెనక్కి పడింది. అయిపోయాక ఆ కుర్రాడి దగ్గరకు స్టూలు తీసుకెళ్ళి, “పొద్దున్నుంచి నిలబడే ఉన్నావు నాయనా. కాసేపు కూర్చో” అంది. అతను కూర్చుని, తనకు ఈ ఉద్యోగంలో చేరి నెలే అయిందనీ, పెద్దవాళ్ళకు చెప్పాలంటే భయంగా ఉందనీ ఆవిడకు చెప్పుకున్నాడు.

ఇంత చూశాక కూడా నేను దాచాను. అది చెప్పకుండా టీచరమ్మ గురించి చెప్పినట్టు కాదు.

ఒక పెద్ద సినిమాలో పాటకు నలభై మంది డాన్సర్ అమ్మాయిలకు జాకెట్లు కుట్టాలి. డిజైన్ అసిస్టెంటుగా కొలతలు సేకరించే పని నాది. మొదట చెన్నై నుంచి ఒక బృందం అనుకున్నారు, తర్వాత వాళ్ళను మార్చి హైదరాబాద్ అమ్మాయిలను పెట్టారు. నా ఫైల్‌లో రెండు బృందాల కాగితాలూ ఉన్నాయి. ఖాదర్ భాయ్‌కి నేను పాతది ఇచ్చాను. మంగళవారం సాయంత్రం, బట్ట కోసి కుట్టు కూడా అయిపోయాక, ఫోన్‌లో ఆ కాగితాల ఫొటోలు చూసుకుంటుంటే తెలిసింది. శుక్రవారం షూటింగ్.

అప్పటికి వారం ముందే పెద్ద మేడమ్ నన్ను పిలిచి, తర్వాత వచ్చే చిన్న సినిమాకు దుస్తుల డిజైన్ నువ్వే సొంతంగా చెయ్యి అంది. నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పేశాను కూడా. అమ్మాయిలందరూ దాదాపు ఒకే ఒడ్డూ పొడుగూ ఉంటారులే, సరిపోతుందేమోలే అనుకుంటూ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాను. వెళ్ళేటప్పుడు టీచరమ్మ గుమ్మం దగ్గర కనపడి, “జాగ్రత్తగా వెళ్ళమ్మా” అంది. తల ఊపాను.

బుధవారం అమ్మాయిలు వేసి చూసుకోవడానికి వచ్చారు. జాకెట్లు ఎక్కాయి, హుక్కులూ పడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ముందున్న అమ్మాయి డాన్సులోలా రెండు చేతులూ పైకెత్తింది. చంక దగ్గర పర్రున చిరిగింది. రెండో అమ్మాయికీ అంతే. మిగతావాళ్ళు చేతులు సగం ఎత్తి ఆపేశారు.

ఎవరో ఫోన్ చేశారు. అరగంటలో పెద్ద మేడమ్ కారు దిగింది. చిరిగిన జాకెట్టు ఖాదర్ భాయ్ ముందు బల్ల మీద విసిరింది.

“ముప్పై ఏళ్ళ నుంచి కత్తెర పట్టుకున్నావు. మనిషికి చెయ్యి ఎక్కడుంటుందో తెలియదా నీకు? కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చో.”

ఆయన మెడలో టేపు తీసి, మెల్లగా చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన తమ్ముడి కొడుకులిద్దరు అదే హాల్లో మిషన్ల మీద కుట్టేవాళ్ళు. వాళ్ళు తలలు వంచుకున్నారు. నేను హ్యాంగర్ల వరస వెనకాల నిలబడ్డాను. మూడడుగులు వేస్తే చాలు. వేయలేదు.

టీచరమ్మ స్టూలు కింద పెట్టి వచ్చి వాళ్ళిద్దరి మధ్య నిలబడింది.

“మేడమ్ గారూ, ఇక్కడ అరవకండి. రేపు సాయంత్రానికి నలభై జాకెట్లు కావాలి నాకు. భయపడ్డ చేతులతో కుట్టించలేను. మీరు ఇంటికెళ్ళండి, నేనొచ్చి మాట్లాడతాను.”

పెద్ద మేడమ్‌ను అలా అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. మేడమ్ మొహం తెల్లబోయింది. మెట్లు దిగిపోయింది.

టీచరమ్మ ఖాదర్ భాయ్ వైపు తిరిగి, చిరిగిన చోటు వేలితో తడిమి, “మాస్టారూ, దీన్ని ఎలా బతికిద్దాం?” అంది. ఆయన బట్ట చేతిలోకి తీసుకుని, “చంక కింద ఇప్పి పలక ముక్క ఏస్తే చెయ్యి లేస్తది. నలభైకి నలభై ఇప్పాలె” అన్నాడు. అంతే. ఊడ్చే లక్ష్మమ్మతో సహా అందరం బ్లేడ్లు పట్టుకుని కుట్లు విప్పడానికి కూర్చున్నాం.

నాలుగు గంటలప్పుడు టీచరమ్మ నీళ్ళ ఫిల్టర్ పక్కన ఒంటరిగా కూర్చుని విప్పుతోంది. వెళ్ళి చెప్పేశాను. ఆవిడ చేతిలో ఉన్న కుట్టు చివరిదాకా విప్పింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“నిన్న సాయంత్రం.”

“నిన్న” అంది. ఆవిడ నన్ను తిట్టిన తిట్టు అదొక్కటే.

“మీరేం అనరని తెలుసు టీచరమ్మా. అయినా ఎందుకు చెప్పలేకపోయానో” అన్నాను.

“నేనేం అననని తెలిసీ చెప్పలేదంటే, నేను చేయాల్సింది ఇంకా మిగిలుందన్నమాట” అంది. “సరే. నాకు చెప్పావు. రేపు పొద్దున బల్ల దగ్గర చెప్పు.”

“అందరిలోనా?”

“ఆయన్ని అన్నది అందరిలోనే కదమ్మా.”

పొద్దున బల్ల చుట్టూ అందరూ నిలబడ్డాక ఎప్పటిలా ఆవిడే ముందు మాట్లాడింది. “ఆ కొలతల కాగితం మీద నా సంతకం ఉంది. పైన బృందం పేరు రాసి ఉంది. చదవకుండా పెట్టాను. చదివుంటే మాస్టారు మాట పడేవారు కాదు.” తర్వాత నా వైపు చూసింది. నేను చెప్పాను. నిన్న కాదు మొన్ననే తెలుసన్న ముక్క కూడా చెప్పాను.

ఖాదర్ భాయ్ నా మొహంలోకి చూశాడు. “మొన్ననే చెప్పకపోయినవా బిడ్డా” అన్నాడు. కత్తెర తీసుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.

గురువారం ఏడు లోపే నలభై జాకెట్లూ అయిపోయాయి. శుక్రవారం అమ్మాయిలు చేతులెత్తి డాన్స్ చేశారు. కానీ ఖాదర్ భాయ్ నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నేను టీచరమ్మ దగ్గరకెళ్ళి, మీరొక మాట చెప్పండి అని బతిమాలాను. “ఆయన కోపం ఆయనది. దాన్ని నువ్వు తొందరపెట్టకు” అంది. తొమ్మిదో రోజో పదో రోజో, పొడవాటి పట్టు తాను పరుస్తూ ఆయన నావైపు చూడకుండానే, “గా కొస జర గట్టిగ పట్టుకో” అన్నాడు. ఆ పని చేయడానికి పక్కనే ఇద్దరు మనుషులున్నారు. నేను వెళ్ళి పట్టుకున్నాను.

అంతకుముందే, ఆ శనివారం, టీచరమ్మ నన్ను జూబ్లీహిల్స్‌లో మేడమ్ ఇంటికి తీసుకెళ్ళింది. ఆవిణ్ణి చూడగానే మేడమ్, “నన్ను నా యూనిట్‌లోనే అరవద్దన్నారు మీరు” అంది.

“అవునండీ. పదిమందిలో మీ పరువు తీశాను. నాది తప్పే, క్షమించండి” అంది టీచరమ్మ, తడుముకోకుండా. మేడమ్ దానికి సిద్ధంగా లేదు. నావైపు చూసింది. నేను జరిగింది చెప్పాను.

“అయితే ఈ అమ్మాయిని సోమవారం నుంచి రావద్దనండి.”

“మీ ఇష్టమండీ” అంది టీచరమ్మ. “కాకపోతే ఒక్కమాట. ఈ పిల్ల దాచినప్పుడు ఏమీ కాలేదు, నోరు తెరిచి చెప్పినప్పుడు ఉద్యోగం పోయింది. మిగతావాళ్ళు చూస్తారు కదండీ. మళ్ళీ అటక మీదికి వెళతాయి బట్టలు.”

“సరే, ఉండనివ్వండి” అంది మేడమ్. సినిమా మాత్రం వేరేవాళ్ళకిస్తానంది. ఇచ్చింది కూడా. నాకు సొంత సినిమా రావడానికి మరో ఏడాదిన్నర పట్టింది. దానికి టీచరమ్మ అడ్డుపడలేదు. అది న్యాయమే అనుకున్నట్టుంది. లేచేటప్పుడు మాత్రం, “మీ పరువు గురించి నేను క్షమాపణ అడిగాను. మాస్టారి పరువు మీ దగ్గరుండిపోయిందండీ” అంది మెల్లగా.

మూడు రోజులకు మేడమ్ యూనిట్‌కు వచ్చింది. కటింగ్ బల్ల దగ్గర నిలబడి, ఏదో చేతి కత్తిరింపు గురించి ఖాదర్ భాయ్‌ని సలహా అడిగింది. ఆయన చెప్పాడు. వెళ్ళబోతూ ఆగి, అందరికీ వినపడేలాగే, “మాస్టర్, ఆ రోజు నేను తెలుసుకోకుండా మాట్లాడాను” అంది.

“ఫికర్ చేయకుండ్రి మేడం” అన్నాడాయన. బల్ల మీద సుద్దగీత ఒకటి అనవసరంగా రెండుసార్లు దిద్దాడు.

మోకాళ్ళు మరీ మొరాయించాక, రెండేళ్ళ క్రితం టీచరమ్మ పని మానేసింది. రహమత్‌నగర్‌లో అక్క కూతురి దగ్గర, రెండో అంతస్తులో ఉండేది. ఈలోపు నేనూ బయటికొచ్చి యూసుఫ్‌గూడలో సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకున్నాను. ఏడుగురం. నాలుగు నెలల క్రితం ఒక ఆదివారం చూడటానికెళ్ళాను. మంచం మీద కూర్చుని చిన్నపిల్ల గౌనుకి అంచు కుడుతోంది. మీ వాళ్ళెలా ఉన్నారని అడిగింది.

“బాగున్నారు టీచరమ్మా. పొద్దున పది నిమిషాలు మేమూ నిలబడతాం. ఒక్కసారి కూడా నేను గొంతు పెంచలేదు. ఏడాదిగా చెప్పుకోదగ్గ తప్పే జరగలేదు మా దగ్గర” అన్నాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను.

“ఒక్కటి కూడా లేదా?”

“ఒక్కటీ లేదు.”

ఆవిడ దారం కొరికి తెంపి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. “ఏడుగురు మనుషులమ్మా. ఏడాది” అంది. అక్క కూతురు కాఫీ తెచ్చింది, మాట మారింది. దారిలో నాకు కొంచెం చిన్నతనంగా, కొంచెం కోపంగా కూడా అనిపించింది. మళ్ళీ వెళ్ళాలనుకుంటూనే వెళ్ళలేదు.

ఖాదర్ భాయ్ ఫోన్ చేసిన మర్నాడు చర్చిలో పాస్టరుగారు ఆవిడ మిషన్ స్కూలు రోజుల గురించి చెప్పారు. వెనక రెండు వరసలూ మావాళ్ళే. సరోజ, యాదగిరి, లక్ష్మమ్మ. పెద్ద మేడమ్ కూడా తెల్లచీరలో వచ్చి లక్ష్మమ్మ పక్కన కూర్చుంది. ఎర్రగడ్డ దాటాక ఉన్న సమాధుల తోటలో అందరం తలా గుప్పెడు మట్టి వేశాం. ఖాదర్ భాయ్ వేసి, చేతులు దులుపుకోకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

అక్కడి నుంచి నేరుగా యూసుఫ్‌గూడలో నా యూనిట్‌కు వెళ్ళాను. మా పెద్ద టైలరు రమణ గారు ఒక్కరే ఉన్నారు, మిగతావాళ్ళు భోజనానికెళ్ళారు. భీమవరం మనిషి, వయసులో నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, ఎప్పుడూ ఎదురు చెప్పరు. కుర్చీ లాక్కుని ఆయన మిషన్ పక్కన కూర్చున్నాను. ఎలా అడగాలో తెలియక నేరుగానే అడిగేశాను.

“రమణ గారూ, మీరంతా నాకు భయపడతారా?”

ఆయన మిషన్ ఆపారు. “అబ్బే, అదేంటండీ” అన్నారు. నేను కదల్లేదు. ఆయన సూది కింద ఉన్న బట్టను కాసేపు సవరించారు.

“మీరు మంచివారేనండీ. ఒక్క మాటా అనరు” అన్నారు చివరికి. “కానీ ఏదన్నా పాడైందని తెలిస్తే మీ మొహం చిన్నబోతుందండీ. సాయంత్రందాకా అలాగే ఉంటారు. అది చూడలేక మాలో మేమే సర్దేసుకుంటున్నాం. అరిచేవాళ్ళయితే అరుపుతో పోతుందండీ. మీది పోదు.”

ఏడాదిగా నేను గర్వపడింది దీన్ని చూసుకునే. మొహంలో ఏదో బరువుగా కిందికి జారుతున్నట్టు నాకే తెలుస్తోంది.

“ఇప్పుడు కూడా అలాగే ఉందా?” అని అడిగాను.

ఆయన నన్ను జాగ్రత్తగా పరిశీలించి చూశారు.

“కొంచెం ఉందండీ” అన్నారు.

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆయన కంగారుపడి మంచినీళ్ళ సీసా అందించారు. తాగి, ముక్కు తుడుచుకుని, ఏమేం సర్దేశారో అన్నీ చెప్పమన్నాను. రమణ గారు లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఎవరూ రావడం లేదని చూసుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

“చాలా ఉన్నాయండీ” అన్నారు. “ఏ సినిమా నుంచి మొదలుపెట్టమంటారు?”